అరగంట సాధన, నాలుగు నిమిషాల మైలు

వ్యక్తిత్వ వికాసం మీద మన ఊళ్ళలో జరిగే ప్రసంగాల్లో ఒక కథ తరచుగా వినిపిస్తుంది. మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరిగెత్తడం మనిషి వల్ల కాదని, ఎవరైనా ప్రయత్నిస్తే గుండె ఆగి చస్తారని ఒకప్పుడు డాక్టర్లు తేల్చి చెప్పారట. 1954లో రోజర్ బానిస్టర్ అనే కుర్రాడు కేవలం మనోబలంతో ఆ పని చేసి చూపించాడట. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే డజన్లకొద్దీ మంది అదే పని చేసేశారట. అడ్డంకి మనసులోనే ఉంది గానీ కాళ్ళలో లేదని వక్త ముగించగానే హాలంతా చప్పట్లు.

ఈ కథలో మనిషి నిజం, సంవత్సరం నిజం. తక్కినదాంట్లో చాలా భాగం కల్పన. బానిస్టర్ 1954 మే 6న ఆ పరుగు పరిగెత్తాడు. సరిగ్గా ఏడాది గడిచేసరికి ప్రపంచం మొత్తం మీద ఆ పని చేసినవాళ్ళు ఇద్దరే. ఒకడు బానిస్టర్, రెండోవాడు ఆస్ట్రేలియాకు చెందిన జాన్ లాండీ. 1955 మే 28న లండన్ వైట్ సిటీ స్టేడియంలో జరిగిన ఒకే రేసులో లాస్లో టాబోరి, క్రిస్ చాటవే, బ్రయన్ హ్యూసన్ చేరాకే ఆ లెక్క అయిదయింది. ఇక డాక్టర్ల సంగతి. బానిస్టరే వైద్య విద్యార్థి. పరిగెత్తే మనిషి ఊపిరి మీద ప్రయోగశాలలో కొలతలు తీసి పరిశోధన పత్రాలు రాసినవాడు. గుండె ఆగిపోతుందన్న భయం అతనికి ఏ కోశానా లేదు.

నిజంగా జరిగింది ఆ కట్టుకథ కన్నా ఎంతో గొప్పది. పరుగు వల్ల పైసా రానివాడు, పగలంతా ఆస్పత్రి వార్డుల్లో గడిపేవాడు, మధ్యాహ్న భోజన విరామంలో దొరికే అరగంటలో సాధన చేసి ప్రపంచంలో ఎవరూ చేరని చోటికి చేరాడు. ఆ అరగంట అంత పని ఎలా చేసిపెట్టింది? దానికి జవాబు శరీరధర్మ శాస్త్రంలో ఉంది.

ముందు ఆ నాలుగు నిమిషాలంటే ఏమిటో చూద్దాం. మైలంటే 1,609 మీటర్ల చిల్లర. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ట్రాకులు చుట్టుకు 440 గజాలు ఉండేవి కాబట్టి నాలుగు చుట్లు తిరిగితే సరిగ్గా మైలు. చుట్టుకు నిమిషం చొప్పున నాలుగు చుట్లు, నాలుగు నిమిషాలు. ఆ లెక్కలోని పొందికే జనాన్ని అంతగా పట్టుకుంది. ఇప్పటి 400 మీటర్ల ట్రాకు మీదైతే నాలుగు చుట్ల మీద మరో తొమ్మిది మీటర్లు పరిగెత్తాలి. వేగం గంటకు 24 కిలోమీటర్ల పైమాట.

ఇది అంకెల్లో చెబితే అందదు. దగ్గర్లో ఏదైనా స్టేడియం ఉంటే వెళ్ళి వంద మీటర్లు 15 సెకన్లలో పరిగెత్తి చూడండి. ఆరోగ్యంగా ఉన్న యువకులు చాలామంది చేయగలరు. ఆగకుండా రెండో వంద కూడా 15 సెకన్లలోనే ముగించాలి. అక్కడికి ఊపిరి ఎగదన్నుతుంది. మూడో వందలో తొడలు బరువెక్కుతాయి. నాలుగో వంద చివర ఇక కదల్లేననిపిస్తుంది. అప్పటికి అయింది ఒక్క చుట్టు. ఇంకా మూడు చుట్లు మిగిలే ఉంటాయి, అదీ అదే వేగంతో.

బానిస్టర్ కన్నా ముందు ఆ దరిదాపులకు వచ్చినవాళ్ళు లేకపోలేదు. 1937లో సిడ్నీ వుడర్సన్ అనే ఇంగ్లిష్ న్యాయవాది 4 నిమిషాల 6.4 సెకన్లలో మైలు ముగించాడు. రెండో ప్రపంచయుద్ధంలో తటస్థంగా ఉన్న స్వీడన్‌లో గుండర్ హేగ్, ఆర్నె ఆండర్సన్ అనే ఇద్దరు ఒకరి రికార్డు ఒకరు బద్దలు కొడుతూ 1942 నుంచి 1945 దాకా దాన్ని 4 నిమిషాల 1.4 సెకన్లకు దించారు. ఇంకొక్క సెకనున్నర తగ్గితే చాలు. సరిగ్గా అప్పుడే, డబ్బు పుచ్చుకున్నారన్న నేరం మోపి ఆ ఇద్దరినీ అధికారులు పోటీల నుంచి శాశ్వతంగా వెలివేశారు. అప్పట్లో ట్రాకు మీద పరిగెత్తేవాడు అమెచ్యూర్‌గానే ఉండాలి, అంటే పరుగుతో ఒక్క పైసా సంపాదించకూడదు. తక్కిన ఐరోపా యువకులు యుద్ధంలో నలిగిపోయారు. బ్రిటన్‌లో ఆహార రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954 జులైలో, అంటే బానిస్టర్ పరుగు అయిపోయిన రెండు నెలలకు. ఆ రికార్డు తొమ్మిదేళ్ళు కదలకపోవడానికి ఇన్ని కారణాలు కళ్ళెదుట కనిపిస్తుంటే, మనసులోని భయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

1945లో వైట్ సిటీలో వుడర్సన్, ఆండర్సన్ పోటీ పడుతుంటే చూసిన వేలాది జనంలో పదహారేళ్ళ బానిస్టర్ ఒకడు. తండ్రి వెంటబెట్టుకుని వెళ్ళాడు. మరుసటి సంవత్సరమే ఆక్స్‌ఫర్డ్‌లో చేరాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళేనాటికి అతను 1500 మీటర్లకు బ్రిటన్ పెట్టుకున్న పెద్ద ఆశ. తీరా వెళ్ళాక, ఫైనల్‌కు ముందు అదనంగా ఒక సెమీఫైనల్ దశ పెట్టారని తెలిసింది. వరసగా మూడు రోజులు మూడు రేసులు పరిగెత్తే సాధన అతనికి లేదు. నాలుగో స్థానంలో వచ్చాడు. అక్కడ స్వర్ణం గెలిచి ఉంటే పరుగు మానేసి వైద్యంలోనే ఉండిపోయేవాడినని తర్వాత అతనే చెప్పాడు. ఓడిపోయాడు కాబట్టి మరో రెండేళ్ళు పరిగెత్తాలని నిశ్చయించుకున్నాడు. ఈసారి లక్ష్యం ఒక్కటే, నాలుగు నిమిషాల మైలు.

ఇక్కడ కాసేపు పరుగు ఆపి ఊపిరి గురించి మాట్లాడుకోవాలి.

ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి పావు లీటరు ఆక్సిజన్ వాడుకుంటాడు. మేటి పరుగువీరుడు పూర్తి వేగంలో నాలుగైదు లీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా వాడుకోగలడు. దీనికి ఒక గరిష్ఠ హద్దు ఉంటుందని, వేగం ఎంత పెంచినా ఆ హద్దు దాటి శరీరం ఆక్సిజన్ తీసుకోలేదని 1920లలో స్పష్టంగా చూపించినవాడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ హిల్. కండరాలు పుట్టించే వేడి మీద చేసిన పనికి 1922 నోబెల్ బహుమతి అందుకున్నవాడు. ఆయన స్వయంగా పరుగు అభిమాని. వదిలిన గాలిని పట్టి ఉంచే సంచీ వీపుకు తగిలించుకుని గడ్డి మీద చుట్లు పరిగెత్తి, తన మీదే కొలతలు తీసుకున్నాడు. ఆక్సిజన్ చాలనప్పుడు కండరాలు అది లేకుండానే కొంత శక్తిని పుట్టిస్తాయి. పరుగు ఆగాక ఆ లోటు తీర్చడానికి చాలాసేపు రొప్పుతాం. హిల్ దానికి ఆక్సిజన్ అప్పు అని పేరు పెట్టాడు. వడ్డీకి తెచ్చిన డబ్బు లాంటిదే అది. ఆ పూటకు గట్టెక్కిస్తుంది, అయితే దానికీ ఒక పరిమితి ఉంది. ఆ పరిమితి రేసు మధ్యలోనే అయిపోతే కాళ్ళు ముడుచుకుపోతాయి.

మైలు పరుగు సరిగ్గా ఈ రెంటి సరిహద్దు మీద నడుస్తుంది. 1500 మీటర్లు పరిగెత్తే మేటి అథ్లెట్ల మీద తీసిన కొలతల ప్రకారం శక్తిలో నూటికి 80కి పైగా పాళ్ళు ఆక్సిజన్‌తో పుట్టేదే. మిగిలిన భాగం అప్పు. అలసటకంతటికీ లాక్టిక్ ఆమ్లమే కారణమని చాలాకాలం అనుకున్నారు. లాక్టేట్‌ను గుండె, ఇతర కండరాలు ఇంధనంగా వాడుకుంటాయని ఇప్పుడు తెలుసు. కండరంలో పెరిగే ఆమ్లత, పోగుపడే ఫాస్ఫేట్, నాడుల నుంచి వచ్చే సంకేతాలు అన్నీ కలిసి వేగాన్ని తగ్గిస్తాయి.

బానిస్టర్ ఈ శాస్త్రాన్ని పుస్తకాల్లో చదివి ఊరుకోలేదు. ఆక్స్‌ఫర్డ్ శరీరధర్మ శాస్త్ర విభాగంలో డాన్ కన్నింగ్‌హామ్ అనే శాస్త్రవేత్తతో కలిసి పరిశోధన చేశాడు. ఏటవాలుగా పెట్టిన ట్రెడ్‌మిల్ మీద మనుషుల్ని ఇక వల్లకాదు అనేదాకా పరిగెత్తించి, ఒకసారి మామూలు గాలి, మరోసారి ఆక్సిజన్ పాలు 33 శాతానికి, 66 శాతానికి, 100 శాతానికి పెంచిన గాలి పీల్పించారు. ఆ ట్రెడ్‌మిల్ ఎక్కినవాళ్ళలో బానిస్టర్ కూడా ఉన్నాడు. మామూలు గాలితో కొద్ది నిమిషాల్లో కుప్పకూలే మనిషి, 66 శాతం ఆక్సిజన్ పీల్చినప్పుడు అదే వేగంతో ఎంతోసేపు హాయిగా పరిగెత్తాడు. ఆ ఫలితాలు 1954లో జర్నల్ ఆఫ్ ఫిజియాలజీలో అచ్చయ్యాయి. ఒకే సంవత్సరంలో ఒకే మనిషి ఆ పత్రమూ రాశాడు, ఆ పరుగూ పరిగెత్తాడు. శాస్త్ర చరిత్రలో ఇలాంటి జోడీ చాలా అరుదు.

ట్రాకు మీద అదనపు ఆక్సిజన్ పీల్చే వీలు లేదు కదా, మరి ఆ ప్రయోగం పరుగుకేం పనికొచ్చింది? ఆక్సిజన్ అందినంతకాలం కాళ్ళకు సత్తువ ఉందని అది తేల్చింది. అంటే రెండు పనులు చేయాలి. గుండె పంపే రక్తాన్ని, కండరం వాడుకునే ఆక్సిజన్‌ను సాధనతో పెంచాలి. ఉన్న ఆక్సిజన్‌ను రేసులో ఒక్క చుక్క వృథా కాకుండా ఖర్చు పెట్టాలి.

మొదటి పనికి దొరికిన సమయం తక్కువ. 1953 చివరినాటికి బానిస్టర్ లండన్‌లో సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో చదువుతున్నాడు. ఫ్లెమింగ్ పెనిసిలిన్ కనిపెట్టింది ఈ ఆస్పత్రిలోనే. మధ్యాహ్నం భోజన వేళకు దగ్గర్లోని ప్యాడింగ్టన్ మైదానానికి వెళ్ళి, ఒక్కొక్కటి 440 గజాల చొప్పున పది పరుగులు, పరుగుకూ పరుగుకూ మధ్య రెండు నిమిషాల విరామం. లెక్క కట్టి చూడండి. పరుగులు పది నిమిషాలు, మధ్య విరామాలు తొమ్మిది కాబట్టి పద్దెనిమిది నిమిషాలు. మొత్తం 28 నిమిషాలు. వార్డుకు తిరిగి వెళ్ళే దారిలో ఏదో కాస్త తినడానికి వ్యవధి మిగులుతుంది.

ఇదే ఇంటర్వెల్ శిక్షణ. జర్మనీలో వోల్డెమార్ గెర్ష్లర్, హృద్రోగ నిపుణుడు హెర్బర్ట్ రైండెల్ కలిసి దీన్ని శాస్త్రీయంగా రూపొందించారు. చెక్ వీరుడు ఎమిల్ జాటోపెక్ దీంతోనే 1952లో మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. ఇందులోని కిటుకు అంత కష్టమైనదేమీ కాదు. మైలు రేసు వేగంతో ఏకబిగిన పరిగెత్తితే నాలుగు నిమిషాల్లో శరీరం చేతులెత్తేస్తుంది. అదే దూరాన్ని ముక్కలు చేసి మధ్యలో ఊపిరి తీసుకోనిస్తే, అదే వేగంతో రెండున్నర రెట్ల దూరం పరిగెత్తవచ్చు. గుండె గరిష్ఠంగా పనిచేసే నిమిషాలు పెరుగుతాయి. కాళ్ళకు ఆ వేగంలో అడుగు వేయడం అలవాటవుతుంది. ఉద్యోగం చేసుకుంటూ పరిగెత్తే వాళ్ళకు ఈ పద్ధతి ఎంత పెద్ద వరమో మన ఊళ్ళ స్టేడియాల్లో తెల్లవారుజామున చుట్లు తిరిగేవాళ్ళను అడిగితే చెబుతారు.

శిక్షణలో తోడున్నవాళ్ళూ ఉద్యోగస్తులే. క్రిస్ బ్రాషర్ చమురు కంపెనీలో పనిచేసేవాడు. క్రిస్ చాటవే గిన్నెస్ సంస్థలో చేరాడు. ఆస్ట్రియా నుంచి వచ్చి స్థిరపడిన ఫ్రాంజ్ స్టాంఫ్ల్ ముగ్గురికీ కోచ్.

డిసెంబరులో ఒక్కో చుట్టు 66 సెకన్లలో మొదలుపెట్టారు. వారం వారం తగ్గించుకుంటూ ఏప్రిల్‌కల్లా 61కి వచ్చారు. అక్కడ బండి ఆగిపోయింది. ఎంత ప్రయాసపడ్డా 60కి దిగడం లేదు. రేసుకు మిగిలింది మూడు నాలుగు వారాలు. అలాంటప్పుడు ఎవరైనా సాధన రెట్టింపు చేస్తారు. బానిస్టర్, బ్రాషర్ మాత్రం పరుగు పూర్తిగా కట్టిపెట్టి, కారెక్కి రాత్రంతా ప్రయాణం చేసి స్కాట్లండ్‌లోని గ్లెంకో కొండలు ఎక్కడానికి వెళ్ళిపోయారు. కోచ్‌లు చూస్తే గుండె బాదుకునే పని అది. కాలు జారితే అంతా మట్టి కొట్టుకుపోయేది. కొద్ది రోజుల తర్వాత తిరిగొచ్చి మళ్ళీ పది చుట్లు పరిగెత్తారు. చుట్టుకు 59 సెకన్లు.

ఇందులో మాయ ఏమీ లేదు. కఠిన సాధన చేసిన రోజున శరీరం బలపడదు, దెబ్బతింటుంది. ఆ తర్వాతి విశ్రాంతిలోనే కండరం మరమ్మతు చేసుకుని, గ్లైకోజన్ నిండుగా నింపుకుని, మునుపటికన్నా మెరుగవుతుంది. నెలల తరబడి సాగే సాధనలో అలసట పేరుకుపోయి, వచ్చిన మెరుగుదలను కప్పేస్తుంది. అలసట తొలగగానే ఆ మెరుగుదల బయటపడుతుంది. పోటీకి ముందు సాధన తగ్గించడం మీద తర్వాతి కాలంలో ఎన్నో అధ్యయనాలు జరిగాయి. వాటిలో తేలిన సగటు లాభం రెండు మూడు శాతం. 61 నుంచి 59 అంటే కొంచెం అటూ ఇటూగా అంతే. మన దగ్గర ఉద్యోగం చేస్తూ పోటీలకు సిద్ధమయ్యేవాళ్ళు సాధారణంగా చేసే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంటుంది. వేగం పెరగడం లేదని మరో గంట ముందే నిద్రలేచి ఇంకా ఎక్కువ పరిగెత్తుతారు.

ఇక రెండో పని, ఉన్నది పొదుపుగా ఖర్చు పెట్టడం. పరుగు మొదలైన వెంటనే కండరాలకు ఆక్సిజన్ పూర్తిగా అందదు. ఊపిరి, గుండె అందుకోవడానికి నిమిషం దాకా పడుతుంది. మొదటి చుట్టులోనే ఆవేశంగా దూకితే పరిమితంగా ఉన్న అప్పు అక్కడే తరిగిపోతుంది. అందుకే నాలుగు చుట్లు వీలైనంత సమానంగా పరిగెత్తడం మేలు. అలా పరిగెత్తాలంటే ముందు ఎవరైనా లెక్క తప్పకుండా నడిపించాలి. 1953 జూన్‌లో మాట్స్‌పర్ పార్క్‌లో బానిస్టర్ 4 నిమిషాల 2 సెకన్లకు వచ్చాడు కానీ, ఆ పరుగును అధికారులు రికార్డుగా ఒప్పుకోలేదు. బ్రాషర్ కావాలని మెల్లగా పరిగెత్తి, ఒక చుట్టు వెనకబడి, చివర్లో బానిస్టర్‌కు తోడు పరిగెత్తడం వాళ్ళకు నచ్చలేదు. అది సరైన నిర్ణయమే. రేసంటే అందరూ ఒకే గీత నుంచి బయల్దేరి ఒకే దూరం నిజాయితీగా పరిగెత్తాలి. మరుసటి ఏడాది పథకంలో ఆ లోపం లేకుండా చూసుకున్నారు.

1954 మే 6, గురువారం. ఉదయం బానిస్టర్ ఎప్పటిలాగే ఆస్పత్రికి వెళ్ళాడు. ప్రయోగశాలలో ఉన్న సానరాయి మీద తన బూట్ల స్పైకులు సన్నగా అరగదీసుకున్నాడు. ఆ మొనలకు గ్రాఫైట్ రుద్దాడు. అప్పటి ట్రాకులు కాలిన బొగ్గు చిట్టెం పొడి పరిచినవి. తడిసిన చిట్టెం స్పైకులకు అంటుకుని అడుగడుగుకూ బరువు పెంచుతుంది. మైలులో వెయ్యికి దగ్గరగా అడుగులు పడతాయి కాబట్టి ఆ కొద్ది గ్రాముల భారం కూడా లెక్కలోకి వస్తుంది. పరిశోధకుడి చేతికి అలవాటైన శ్రద్ధ అది.

రైల్లో ఆక్స్‌ఫర్డ్‌కు బయల్దేరితే అదే బండిలో స్టాంఫ్ల్ కనిపించాడు. బయట గాలి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీస్తోంది. పరిగెత్తాలా, మరో రోజుకు వాయిదా వేయాలా అన్నది ఇద్దరూ దారి పొడుగునా తర్కించుకున్నారు. అది వట్టి పిరికితనం కాదు. చుట్టులో సగం ఎదురుగాలి, సగం వెన్నుగాలి కాబట్టి రెండూ చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. గాలి నిరోధం మాత్రం వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఎదురుగాలిలో పోగొట్టుకున్నదాన్ని వెన్నుగాలి పూర్తిగా తిరిగివ్వదు. సాయంత్రం ఇఫ్లీ రోడ్ ట్రాకు పక్కనున్న చర్చి మీద జెండా రెపరెపలాడుతూనే ఉంది. రేసుకు కాసేపటి ముందు అది కొంచెం వాలింది. బానిస్టర్ సరేనన్నాడు.

ఆరు గంటలకు ఆరుగురు గీత మీద నిలబడ్డారు. చూడవచ్చిన జనం సుమారు మూడు వేలు. బ్రాషర్ తుపాకీ పేలకముందే కదిలి ఒకసారి వెనక్కి రావలసి వచ్చింది. రెండోసారి బయల్దేరాక బ్రాషర్ ముందు, బానిస్టర్ అతని వెనక, ఆ వెనక చాటవే. కాళ్ళు తేలిపోతున్నట్టుండటంతో వేగం చాలడం లేదనుకుని బానిస్టర్ ఇంకా వేగంగా అని అరిచాడు. బ్రాషర్ పట్టించుకోలేదు. నిజానికి మొదటి చుట్టు 57.5 సెకన్లలోనే పూర్తయింది. అతను ఆ కేక విని వేగం పెంచి ఉంటే ఈ అధ్యాయం రాయవలసిన అవసరం ఉండేది కాదు. అర మైలుకు 1 నిమిషం 58.2 సెకన్లు. అక్కడ చాటవే ముందుకొచ్చాడు. మూడో చుట్టే మైలులో అన్నిటికన్నా గడ్డుది. మొదటి ఉత్సాహం పోయి, చివరి ఆశ ఇంకా పుట్టని చుట్టు. 62.3 సెకన్లు పట్టింది. గంట మోగేటప్పటికి 3 నిమిషాల అర సెకను. అంటే చివరి చుట్టు 59.5 సెకన్ల లోపు ముగియాలి. రెండు వందల గజాల పైచిలుకు మిగిలి ఉండగా బానిస్టర్ చాటవేను దాటి ఒంటరిగా పరిగెత్తాడు. ఆ చుట్టు 58.9 సెకన్లు. గీత దాటి సొమ్మసిల్లినట్టు జనం చేతుల్లో వాలిపోయాడు.

నారిస్ మెక్‌విర్టర్ మైకులో ఫలితం చదువుతూ మూడు నిమిషాలు అనగానే మిగతా మాటలు జనం హోరులో కలిసిపోయాయి. 3 నిమిషాల 59.4 సెకన్లు. ఆ మెక్‌విర్టర్‌నూ, అతని కవల సోదరుణ్ణీ చాటవే తన సంస్థకు పరిచయం చేయడంతో మరుసటి ఏడాది గిన్నెస్ రికార్డుల పుస్తకం పుట్టింది.

బ్రాషర్, చాటవే ముందు పరిగెత్తింది కేవలం లెక్క కోసమే అనుకోకూడదు. ముందున్నవాడి వెనక గాలి తక్కువ తగులుతుంది. దీన్ని కొలిచినవాడు గ్రిఫిత్ ప్యూ. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన బృందానికి ఆక్సిజన్, నీరు, ఆహారం ఎంత కావాలో లెక్కకట్టిన శరీరధర్మ శాస్త్రవేత్త ఆయనే. మధ్యదూరపు పరుగు వేగంలో ఒకరి వెనక మీటరు దూరంలో పరిగెత్తితే ఆక్సిజన్ ఖర్చు దాదాపు ఆరున్నర శాతం తగ్గుతుందని 1971లో చూపించాడు. ఈ ఆలోచన నేటికీ పనిచేస్తోంది. కెన్యాకు చెందిన ఫెయిత్ కిప్యెగాన్ 2023లో 4 నిమిషాల 7.64 సెకన్లతో మహిళల మైలు రికార్డు నెలకొల్పింది. ముందొకరు, వెనకొకరు సరైన దూరంలో ఆసాంతం పరిగెత్తితే ఆమె 3 నిమిషాల 59.37 సెకన్లకు రాగలదని 2025లో ఒక పరిశోధక బృందం లెక్కకట్టింది. అదే ఏడాది జూన్‌లో ప్యారిస్‌లో పేసర్ల గుంపు మధ్య ఆమె ప్రయత్నించి 4 నిమిషాల 6 సెకన్ల చిల్లరకు వచ్చింది. కాగితం మీది గాలికీ స్టేడియంలోని గాలికీ మధ్య దూరం ఇంకా చాలానే ఉంది.

బానిస్టర్ రికార్డు 46 రోజులే నిలిచింది. జూన్ 21న ఫిన్‌లాండ్‌లోని టుర్కులో లాండీ దాదాపు సెకనున్నర తగ్గించాడు. ఆగస్టులో వాంకూవర్‌లో ఇద్దరూ ముఖాముఖి తలపడ్డారు. చివరి మలుపులో లాండీ ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసిన క్షణంలో బానిస్టర్ కుడివైపు నుంచి దాటేశాడు. ఇద్దరూ నాలుగు నిమిషాల లోపే ముగించారు. ఆ ఏడాది చివర్లో, పాతికేళ్ళ వయసులో బానిస్టర్ పోటీలు మానేశాడు. ఆస్పత్రి ఉద్యోగానికి ఆ అరగంట కూడా కావలసి వచ్చింది. తర్వాత నాడీ వైద్యుడిగా, మన ప్రమేయం లేకుండా రక్తపోటును, గుండె లయను నడిపే నాడుల జబ్బుల మీద దశాబ్దాలు పనిచేశాడు. మైలు రికార్డు కన్నా ఆ పనే తనకు ఎక్కువ గర్వకారణమని చెప్పేవాడు.

పాతికేళ్ళకే ఆపేయాలని శరీరమేమీ శాసించదు. ఎడ్ విట్‌లాక్ అనే గనుల ఇంజినీరు ఇంగ్లండ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడ్డాడు. కుర్రతనంలో పరుగు మానేసి నలభై దాటాక మళ్ళీ ట్రాకెక్కాడు. 1979లో వెటరన్ల ప్రపంచ పోటీల్లో 1500 మీటర్లు గెలిచాడు. పదవీ విరమణ తర్వాత అతని పద్ధతి బానిస్టర్‌ది కాదు. ఇంటి దగ్గరున్న శ్మశానవాటికలో మెల్లగా, రోజుకు మూడు గంటల దాకా చుట్లు తిరిగేవాడు. కోచ్ లేడు, ప్రత్యేకమైన తిండి లేదు. 73 ఏళ్ళ వయసులో మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తిచేశాడు. 81 ఏళ్ళప్పుడు పరీక్షిస్తే అతని శరీరం కిలో బరువుకు నిమిషానికి 54 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటోంది. సాధన లేని ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళలో చాలామందికి అంత ఉండదు. కూర్చుని బతికేవాళ్ళలో ఈ సామర్థ్యం ముప్పై దాటాక పదేళ్ళకు పది శాతం చొప్పున తరుగుతుంది. గట్టి సాధన కొనసాగిస్తే ఆ తరుగుదల చాలా నెమ్మదిస్తుంది. వయసు తీసుకుపోయేదెంత, కూర్చోవడం తీసుకుపోయేదెంత అని విడదీసి చూడటానికి శాస్త్రవేత్తలకు ఇలాంటి అమెచ్యూర్లే దారి చూపించారు.

ఇఫ్లీ రోడ్ పరుగు జరిగిన 23 రోజులకు, 1954 మే 29న, బర్మింగ్‌హామ్‌లో మరో పరుగు జరిగింది. అది ఏ ప్రసంగంలోనూ వినిపించదు. డయాన్ లెదర్ వయసు 21. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రసాయన విశ్లేషణ ఆమె ఉద్యోగం. మూడు రోజుల ముందే మైలును 5 నిమిషాల 0.2 సెకన్లలో ముగించి, వెంట్రుకవాసిలో అయిదు నిమిషాల గీత తప్పిపోయింది. ఆ రోజు 4 నిమిషాల 59.6 సెకన్లలో పరిగెత్తి, అయిదు నిమిషాల లోపు మైలు పూర్తిచేసిన మొదటి మహిళ అయింది.

ఆమెకు ఒలింపిక్స్‌లో పోటీయే లేదు. 1928 ఒలింపిక్స్‌లో 800 మీటర్ల రేసు తర్వాత మహిళలు సొమ్మసిల్లి పడిపోయారని పత్రికలు గోరంతను కొండంత చేశాయి. దాంతో ఆ తర్వాత ముప్పై రెండేళ్ళు, 200 మీటర్లకు మించిన ఏ పరుగూ ఆడవాళ్ళకు ఒలింపిక్స్‌లో పెట్టలేదు. 1500 మీటర్లు వచ్చింది 1972లో. మహిళల మైలు రికార్డును అంతర్జాతీయ సంఘం గుర్తించడం మొదలుపెట్టింది 1967లో. లెదర్ పరుగుకు అధికారిక పుస్తకంలో చోటు దక్కలేదు. డాక్టర్లు మనిషి వల్ల కాదన్నారని మనం చెప్పుకునే కట్టుకథ ఆడవాళ్ళ విషయంలో మాత్రం నిజంగానే జరిగింది. ఆమె అక్కడితో ఆగలేదు. 1955 సెప్టెంబరులో తన సమయాన్ని 4 నిమిషాల 45 సెకన్లకు దించింది. దాన్ని న్యూజిలాండ్‌కు చెందిన మరీస్ చాంబర్లెయిన్ బద్దలు కొట్టేసరికి 1962 డిసెంబరు వచ్చింది. ఏడేళ్ళకు పైగా ఆ పరుగును ప్రపంచంలో ఏ స్త్రీ అందుకోలేకపోయింది.